రెండేళ్ళ కాలేజీ, నాలుగేళ్ళ కాలేజీ

పదోతరగతి ఫలితాలు వచ్చాయంటే మన ఇళ్ళల్లో ఒక చిత్రమైన వాతావరణం ఏర్పడుతుంది. తండ్రి కాగితం మీద అంకెలు వేస్తుంటాడు. తల్లి ఎవరి పిల్లలు ఏ కాలేజీలో చేరారో వాకబు చేస్తుంటుంది. ఇరుగుపొరుగువారు అడిగినా అడక్కపోయినా సలహాలు చెబుతుంటారు. చదవవలసిన పిల్ల మాత్రం, ఆ సంగతి తనది కానట్టు, ఒక మూల కూర్చుని వుంటుంది. ఈ రోజుల్లో నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఈ బాధతోనే వుంటాయి. ఏ గ్రూపు మంచిది, ఏ ఊరు మంచిది, ఏ హాస్టలులో అన్నం బాగుంటుంది - ఇవే ప్రశ్నలు.

గుంతకల్లునుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం మాత్రం ఆ కట్టలో కలిపేయడానికి వీల్లేకపోయింది. పేరు వెయ్యవద్దన్నారు గనుక వెయ్యడం లేదు. భర్త రైల్వేలో గార్డు. (ఆ ఉద్యోగాన్ని 2022నుంచి ట్రెయిన్ మేనేజర్ అంటున్నారు గాని, ఇంట్లో ఇంకా గార్డే.) ఒక్కతే కూతురు, పదహారేళ్ళు. పదోతరగతి మంచి మార్కులతో ప్యాసయింది. ఆవిడ మాటల్లోనే చెబుతాను:

"పాప ఏడో తరగతినుంచీ గ్రౌండులో మగపిల్లోళ్ళతో సమానంగా క్రికెట్టు ఆడుతుందమ్మా. బంతి వేగంగా వేస్తాదంటారు. పోయినేడు జిల్లా జట్టులో తీసుకున్నారు. వాళ్ళ నాయన మాత్రం పట్నంలో పేరున్న జూనియర్ కాలేజీలో అడ్వాన్సు కట్టి వచ్చినారు. అక్కడ గ్రౌండు లేదు. పొద్దున అయిదుకు లేపితే రాత్రి పదికి పడుకోబెడతారంట. మా జేజి 'ఆడపిల్లకు బంతాటేమి, పెండ్లి కావద్దా' అంటాది. అమెరికాలో వుండే మా తమ్ముడు 'ఇక్కడయితే రెండేండ్లు జూనియర్ కాలేజీలో ఆడి, ఆనక నాలుగేండ్ల కాలేజీకి మారతారక్కా, మీకు అట్లాంటిది లేదా' అంటాడు. పాప ఎవరితోనూ మాట్లాడదు. పదిరోజుల్లో మిగతా డబ్బు కట్టాల. ఇక్కడే ఇంటర్, ఇక్కడే డిగ్రీ చదివించి ఆడనిస్తే పాప బతుకు పాడుచేసినట్టు అవుతుందా?"

ఆ చివరి వాక్యం కోసమే ఈ వారం పేజీ అంతా ఈ ఉత్తరానికి కేటాయిస్తున్నాను. ఇటువంటి ఇల్లు గుంతకల్లులో ఒక్కటే లేదు. ఆట క్రికెట్టు కావచ్చు, కబడ్డీ కావచ్చు, హాకీ కావచ్చు. ఊరు ఆదోని కావచ్చు, తాడిపత్రి కావచ్చు. ప్రశ్న ఒక్కటే.

ముందు తమ్ముడుగారి మాట చూద్దాం. అమెరికాలో బేస్‌బాల్ అని ఒక ఆట వుంది; మన క్రికెట్టుకు దూరపు బంధువు అనుకోండి. అక్కడ హైస్కూలు దాటిన కుర్రవాడికి రెండు దారులుంటాయి. ఒకటి రెండేళ్ళ జూనియర్ కాలేజీ. ఫీజు తక్కువ, ఇంటికి దగ్గర, మొదటి ఏడే మైదానంలో దిగే అవకాశం ఎక్కువ. ఈ కాలేజీల క్రీడలు చూసుకోవడానికి 1938లోనే ఒక జాతీయ సంఘం ఏర్పడింది. రెండోది నాలుగేళ్ళ కాలేజీ. అందులో పెద్దవీ వున్నాయి, చిన్నవీ వున్నాయి. చిన్నవాటిలో మూడో తరగతివనే కాలేజీలు ఆటకోసం స్కాలర్‌షిప్పు ఒక్క డాలరు కూడా ఇవ్వవు. చదువుకు, అవసరానికి ఇచ్చేదే. ఇంకో తేడా కూడా వుంది. నాలుగేళ్ళ కాలేజీలో చేరినవాడిని వృత్తి జట్లు తీసుకోవాలంటే మూడేళ్ళు గడవాలి, లేదా వాడికి 21 ఏళ్ళు రావాలి. జూనియర్ కాలేజీవాడిని ఏ ఏడయినా తీసుకోవచ్చు. కాబట్టి తొందరపడేవాడికి ఒక దారి, నిలకడగా డిగ్రీ చేత పట్టుకుని రావాలనుకునేవాడికి ఇంకో దారి.

రెండేళ్ళ కాలేజీ అంటే తక్కువ చూపు చూడనక్కరలేదు. నల్లవారిని రానివ్వని పెద్ద బేస్‌బాల్ లీగులో 1947 ఏప్రిల్ 15న అడుగుపెట్టి ఆ గోడ కూల్చిన జాకీ రాబిన్సన్ మొదట చదివింది పాసడీనా జూనియర్ కాలేజీలోనే. అక్కడినుంచి లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి వెళ్ళి నాలుగు ఆటల్లో పేరు తెచ్చుకున్నాడు. మనకు మరింత దగ్గరి ఉదాహరణ అర్జున్ నిమ్మల. ఇంటిపేరు వినగానే మనవాళ్ళు చెవులు నిక్కించుకుంటారు. భారతదేశంనుంచి వలస వెళ్ళిన తలిదండ్రుల బిడ్డ, ఫ్లారిడాలో పెరిగాడు. ఫ్లారిడా స్టేట్ యూనివర్సిటీలో చేరతానని ముందే మాట ఇచ్చాడు. 2023 జూలైలో టొరాంటో జట్టు మొదటి విడతలోనే, 20వ వాడిగా ఎంచుకుంది. అప్పటికి పదిహేడేళ్ళు. నాలుగేళ్ళ కాలేజీని వదిలి ఆటలోకే వెళ్ళాడు.

ఈ కథలు వినడానికి బాగుంటాయి. కాని అక్కడి లెక్క తెచ్చి ఇక్కడి పలక మీద వేస్తే సరిపోదు. అమెరికాలో కాలేజీయే ఆటకు సింహద్వారం. జూనియర్ కాలేజీలో ఆడిన రెండేళ్ళు నాలుగేళ్ళ కాలేజీకి తీసుకుపోయే నిచ్చెన. మన దేశంలో ఆటకు ఒక్క నిచ్చెన కాదు, మూడు నిచ్చెనలున్నాయి. ఒకదానికి ఒకటి తగలకుండా పక్కపక్కన నిలబడి వుంటాయి. ఏ నిచ్చెన ఏ గోడకు వేసి వుందో తెలుసుకోకుండా ఎక్కించడమే మన తలిదండ్రుల కష్టాలకు మూలం.

మొదటిది పాఠశాల క్రీడల నిచ్చెన. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్‌వారి పోటీలు 14 ఏళ్ళ లోపు, 17 ఏళ్ళ లోపు, 19 ఏళ్ళ లోపు అని మూడు అంతరాలు. మన జూనియర్ కాలేజీ పిల్లలు ఆడేది ఈ 19 లోపు విభాగంలోనే. పేరుకు కాలేజీ అయినా, ఆటల లెక్కలో ఇంటర్మీడియెట్ పిల్లలు ఇంకా బడిపిల్లలే. విశ్వవిద్యాలయాల పోటీల్లో వారికి చోటు లేదు.

రెండోది ఆ ఆట సంఘం వేసిన నిచ్చెన. క్రికెట్టుకు ఇదే అసలైనది. జిల్లా సంఘం, ఆపైన 1953లో ఏర్పడిన ఆంధ్రా క్రికెట్ సంఘం, అక్కడినుంచి రాష్ట్ర జట్టు. దీనికి ఏ కాలేజీలో చదువుతున్నదన్న ప్రశ్నే లేదు. ఎంపికల రోజున వచ్చిందా, బంతి ఎట్లా వేసింది - అంతే చూస్తారు. అందువల్ల క్రికెట్టు ఆడే పిల్ల తలిదండ్రులు కాలేజీని అడగవలసింది "మీ జట్టు ఎట్లాంటిది?" అని కాదు. "ఎంపికలకూ, శిబిరాలకూ సెలవు ఇస్తారా?" అని.

మూడోది విశ్వవిద్యాలయ నిచ్చెన. 1925లో మొదలైన అంతర్ విశ్వవిద్యాలయ మండలి, ఇప్పటి భారత విశ్వవిద్యాలయాల సంఘం, ఈ పోటీలు నడుపుతుంది. ఇది డిగ్రీలో చేరినవారికి మాత్రమే. పై వయసు 25. ముందు కాలేజీల మధ్య పోటీలు, వాటిలోనుంచి విశ్వవిద్యాలయ జట్టు, ఆపైన దక్షిణ మండలం, చివర అఖిలభారత పోటీలు.

ఇప్పుడు లెక్క తేలిగ్గా కనబడుతుంది. మన పిల్లకు పదహారు. ఇంటర్ రెండేళ్ళు - పద్ధెనిమిది. డిగ్రీ మూడేళ్ళు - ఇరవైయొకటి. పాతకాలపువారికి రెండేళ్ళ ఇంటర్, రెండేళ్ళ బి.ఏ. గుర్తుండవచ్చు, తరువాత ఒక ఏడు పి.యు.సి., మూడేళ్ళ డిగ్రీ వచ్చాయి. 2020 నాటి జాతీయ విద్యావిధానం తరువాత నాలుగో ఏడు కూడా చదివి ఆనర్సు తీసుకునే వీలు వచ్చింది. వద్దనుకుంటే మూడేళ్ళతో బయటికి రావచ్చు. నాలుగేళ్ళూ చదివితే ఇరవైరెండు. అంటే పద్ధెనిమిదినుంచి ఇరవైరెండు దాకా, ఒంట్లో బలం నిండుగా వుండే నాలుగేళ్ళు, విశ్వవిద్యాలయ నిచ్చెన ఎక్కే హక్కు ఆ పిల్లకు వుంటుంది. రెండేళ్ళ ఇంటర్‌లో ఆట పూర్తిగా ఆగిపోయిందా, పద్ధెనిమిదో ఏట మళ్ళీ మొదటి మెట్టునుంచి ఎక్కాలి. వేగంగా బంతి వేసేవారికి ఆ రెండేళ్ళు చాలా ఖరీదైనవి. ఒడుపు, వేగం, కండపట్టు కుదురుకునేది ఆ వయసులోనే.

కాబట్టి తండ్రిగారు కట్టిన అడ్వాన్సు గురించి ఆలోచించవలసింది ఇక్కడ. ఆయనను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. గుంతకల్లు పీఠభూమి మీద వాన ఎప్పుడు వస్తుందో తెలియని చేను చూసి పెరిగినవారు, నెలజీతం వచ్చే ఉద్యోగాన్ని దేవుడిలా చూస్తారు. అందులో ఆశ్చర్యం లేదు. కూతురికి అంతకంటె గట్టి నేల చూపించాలని ఆయన తాపత్రయం. కాని ఆ కాలేజీ ఇచ్చేది ఏమిటి? ఇంజనీరింగుకో, వైద్యానికో ప్రవేశపరీక్ష శిక్షణ. పిల్లకు ఆ చదువు మీద మనసుంటే అది మంచి బేరమే. ఆట తగ్గించుకోమని నేనూ చెబుతాను. మనసు లేని పిల్లను రెండేళ్ళు నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టి, ఆటా పోయి, ర్యాంకూ రాక, పద్ధెనిమిదో ఏట ఇంటికి తెచ్చుకుంటే ఆ అడ్వాన్సు కంటె పెద్ద నష్టం. ఇప్పటికి పోయేది కట్టిన డబ్బు మాత్రమే. పోయిన డబ్బును పట్టుకోవడానికి ఇంకా డబ్బు పంపడం వ్యాపారస్థులు చేసే పని కాదు.

ఇక ఆ ఇంట్లో పైకి ఎవరూ అనకపోయినా అందరి మనసులోనూ వుండే సంగతి - రైల్వే ఉద్యోగం. 1956నుంచి డివిజన్ కేంద్రంగా వున్న ఊరది. ఆటగాళ్ళను ఉద్యోగాల్లోకి తీసుకునే అలవాటు రైల్వేలకు పాతది. వారి క్రీడా మండలి 1928లో పుట్టింది. ఆడవాళ్ళ క్రికెట్టులో రైల్వే జట్టు మాట చెప్పనే అక్కరలేదు. 2006-07లో దేశవాళీ వన్డే పోటీలు మొదలయినప్పుడు మొదటి కప్పు వారిదే, తరువాత ఎక్కువసార్లు గెలిచినదీ వారే. పి.వి. సింధు తండ్రి రమణగారు వాలీబాల్ ఆడి రైల్వేలో ఉద్యోగం చేసినవారే. ఇవన్నీ తెలిసిన ఊళ్ళో "మా పాపకు క్రీడల కోటాలో ఉద్యోగం రాదా" అని తల్లి ఆశపడటం సహజం. అయితే ఆ కోటా ఎట్లా పనిచేస్తుందో సరిగా తెలుసుకోవాలి.

వయసు 18నుంచి 25. ఏ కులానికీ సడలింపు లేదు. ప్రతి ప్రకటనలోనూ ఏ ఆటకు ఎన్ని ఖాళీలో, ఒక్కొక్కప్పుడు బౌలరా, బ్యాటరా అనేది కూడా విడిగా ఇస్తారు; మన ఆట ఆ ఏడు లేకపోతే చేసేది లేదు. మొత్తం 100 మార్కులు. సాధించిన విజయాలకు 50. మైదానంలో ఆడి చూపించినదానికి 40. అందులో కనీసం 25 రాకపోతే అక్కడితో సరి. చదువుకు 10.

ఈ పదిమార్కులు చూసి "చదువుకు పదేనా!" అని పిల్లలు సంబరపడతారు. తొందరపడకూడదు. కింది స్థాయి ఉద్యోగానికి పదోతరగతి చాలు; దాని పైమెట్టుకు ఇంటర్ కావాలి; ఇంకా పైమెట్టుకు డిగ్రీ కావాలి. చదువు ఇచ్చేది పది మార్కులే గాని, ఏ గుమ్మం దగ్గర నిలబడాలో నిర్ణయించేది చదువే. ఒకే బంతి వేసిన ఇద్దరు పిల్లల్లో ఒకతె పదోతరగతి దగ్గర ఆగి, ఇంకొకతె డిగ్రీ పూర్తి చేస్తే, పదేళ్ళ తరువాత ఇద్దరి జీతాలూ చూడండి.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఆ యాభై మార్కులకు పనికివచ్చేది ఎప్పుడో గెలిచిన కప్పు కాదు. ప్రకటన వచ్చిన ఆర్థిక సంవత్సరం, దాని ముందరి రెండు సంవత్సరాలు - అప్పటి విజయాలే లెక్క. పదోతరగతిలో వచ్చిన సర్టిఫికెట్టును పటం కట్టించి గోడకు పెట్టుకోవచ్చు గాని, ఇరవయ్యో ఏట అది చెల్లదు. అందుచేత ఆడపిల్ల ఆట పద్ధెనిమిదికీ ఇరవైరెండుకూ మధ్య పచ్చగా వుండాలి. అఖిలభారత విశ్వవిద్యాలయ పోటీల్లో మొదటి మూడు స్థానాలకూ రైల్వే లెక్కలో విలువ వుంది. డిగ్రీ చదివే కాలమూ, ఆ విజయాలు సంపాదించే కాలమూ ఒకటే అయింది చూశారా! ఈ రెంటినీ కలిపి నడిపించగలిగితే దీపం వుండగానే ఇల్లు చక్కబెట్టుకున్నట్టు.

క్రీడల కోటా రైల్వేలోనే కాదు, రాష్ట్రంలోనూ వుంది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించిన క్రీడావిధానం ప్రభుత్వోద్యోగాల్లో ఆటగాళ్ళ వాటాను 2 శాతంనుంచి 3 శాతానికి పెంచింది. ఇదీ మంచిదే. కాని మూడు శాతమంటే నూటికి తొంభైఏడు ఇతరులవని కూడా గుర్తుంచుకోవాలి. ఆటను నమ్మి చదువు మానడం రెండెకరాల వేరుసెనగను నమ్మి అప్పు చేసినట్టు. ఒక్కొక్క ఏడు పండుతుంది.

ఇక సోదరి అడిగిన రెండో భాగం: ఊళ్ళోని చిన్న డిగ్రీ కాలేజీయా, ఎక్కడో వున్న పెద్ద కాలేజీయా? గుంతకల్లులో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ వుంది. ఆ జిల్లా కాలేజీలు శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం కిందికి వస్తాయి. ఇందులో చాలామందికి తెలియని సుఖం ఒకటి వుంది. విశ్వవిద్యాలయ జట్టును పెద్ద కాలేజీనుంచే తీసుకోరు. కిందనున్న కాలేజీలన్నిటినుంచీ ఏరుతారు. గుంతకల్లు కాలేజీ పిల్లకూ, అనంతపురంలో 1916లో దత్తమండల కళాశాలగా పుట్టిన ఆర్ట్స్ కాలేజీ పిల్లకూ ఎంపికలో గీత ఒక్కటే. కాలేజీ చిన్నదయినంతమాత్రాన వాకిలి చిన్నది కాదు.

పైగా చిన్న కాలేజీలో మొదటి ఏడే జట్టులో చోటు దొరుకుతుంది. పది ఆటలాడితే పది ఆటల్లోనూ బంతి చేతికి వస్తుంది. పెద్ద పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో ఆటగాళ్ళకు ఫీజు తగ్గిస్తారు, మంచి మైదానం, జిమ్ము వుంటాయి, నిజమే. కాని అక్కడికి నాలుగు రాష్ట్రాలనుంచి వచ్చిన పిల్లలుంటారు. రెండేళ్ళు నీళ్ళసీసాలు అందిస్తూ బయట కూర్చుంటే ఆట పెరగదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ముందు ఇంట గెలవనివ్వండి.

చిన్న కాలేజీకి లోటు లేదా? వుంది. ఆడపిల్లల జట్టుకు పదకొండుమంది దొరకడమే కష్టం కావచ్చు. వ్యాయామ ఉపాధ్యాయుల పోస్టు ఖాళీగా వుండవచ్చు. నీటిచుక్క కోసం కుళాయి దగ్గర వరసకట్టే సీమలో గడ్డి పిచ్ ఎవరు తడుపుతారు? చాపమీద ఆడి అలవాటయిన పిల్ల గడ్డిమీదికి వెళ్ళగానే తడబడుతుంది. ఈ లోటు తీర్చడానికే అనంతపురం వుంది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ గారు ఆ కరువుసీమకు వచ్చి నెలకొల్పిన గ్రామీణాభివృద్ధి సంస్థ, ఊరిచివర ఆటలకోసం పెద్ద ఆవరణ కట్టింది. 2010లో రఫెల్ నదాల్ ఫౌండేషన్ టెన్నిస్ బడి పెట్టింది అక్కడే. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ పోటీలు జరిగిందీ ఆ మైదానంలోనే. ఇంటర్, డిగ్రీ ఊళ్ళో చదువుతూ సెలవుల్లో శిబిరాలకు అక్కడికి వెళ్ళడానికి గుంతకల్లునుంచి రైలుబండ్లకు కొదవ లేదు. గార్డుగారికి టైంటేబిలు ఎవరూ చెప్పనక్కరలేదు.

జేజిగారి మాటకు కూడా జవాబు చెప్పాలి. ఆవిడను కసురుకోవద్దు. ఆడపిల్ల గడప దాటితే ఏమవుతుందో అన్న భయం ఆవిడ తరానికి ఒంటినిండా వుంది. ఆవిడకు రెండు కథలు చెప్పండి. అదే జిల్లాలో నార్పల మండలం బండ్లపల్లి అనే పల్లె వుంది. జాతీయ ఉపాధిహామీ పథకం 2006 ఫిబ్రవరిలో ప్రారంభమయింది ఆ ఊళ్ళోనే. ఆ పల్లెపిల్ల బారెడ్డి అనూష అనంతపురంలో ఆట నేర్చుకుని, 2023 జూలైలో మీర్పూర్‌లో బంగ్లాదేశ్ మీద భారతజట్టు తరఫున బంతి వేసింది. పక్కనున్న కడప జిల్లా పిల్ల శ్రీచరణి మొదట పరుగుపందేల అమ్మాయి, క్రికెట్టు తరువాత వచ్చింది. 2025 నవంబరు 2న ప్రపంచకప్పు గెలిచిన భారతజట్టులో ఆ అమ్మాయి వుంది. అప్పటికి ఇరవైయొక్క ఏళ్ళు. ఇద్దరూ మన సీమ ఎండలో కమిలిన పిల్లలే. కథలు విన్నాక కూడా జేజిగారు పెళ్ళిమాట ఎత్తితే, "డిగ్రీ కానివ్వు జేజీ" అనండి. ఆ మాట ఆటకూ పనికివస్తుంది, చదువుకూ పనికివస్తుంది.

అయితే ఆ ఇద్దరినీ చూపించి పిల్లకు మాత్రం ఆశలు కొండంత చెయ్యకండి. జిల్లాజట్టులో ఆడిన పిల్లలు ఎందరో వుంటారు; భారతజట్టుకు చేరేది ఒక్కరో ఇద్దరో. మిగిలినవారి బతుకేమిటన్నదే తల్లి ఆలోచించవలసిన సంగతి. వ్యాయామ ఉపాధ్యాయులుగా, శిక్షకులుగా, అంపైర్లుగా, ఫిజియోలుగా, లేదా ఆటతో సంబంధంలేని మామూలు ఉద్యోగినులుగా హాయిగా వున్నవారు చాలామంది. వారందరికీ అన్నం పెట్టింది డిగ్రీ కాగితమే. ఆట ఇచ్చింది ధైర్యం.

ఒంటి సంగతి కూడా ఒక ముక్క. పెరిగే వయసులో వేగంగా బంతి వేసేవారికి నడుము ఎముకలో సన్నని చీలికలు రావడం మామూలే. ఆస్ట్రేలియా వేగరాజు డెన్నిస్ లిల్లీ అంతటివాడు 1973లో నడుము చీలికలతో కూలబడి, నెలల తరబడి సాధనచేసి గాని మళ్ళీ లేవలేదు. వాకిట్లో మగపిల్లలు అడిగారు కదా అని రోజుకు గంటలకొద్దీ వెయ్యనివ్వకూడదు. నడుము నొప్పి అంటే తైలం రాసి ఊరుకోకుండా ఎముకల డాక్టరుకు చూపించండి. ఆడపిల్లలకు రక్తం పట్టేటట్టు రాగిసంకటి, ఆకుకూర, గుడ్డు, వేరుసెనగ బెల్లం - సీమ వంటింట్లో వున్నవే చాలు. డబ్బాల్లో అమ్మే పొడులు అక్కరలేదు.

ఇప్పుడు ఆ సోదరికి నా సలహా సూటిగా చెబుతాను. పాపను గుంతకల్లులోనే జూనియర్ కాలేజీలో చేర్చండి. చేర్చేముందు నాలుగు ప్రశ్నలు అడగండి: ఎంపికలకు, శిబిరాలకు పోతే హాజరు ఇస్తారా? పోయిన పాఠాలు ఎవరు చెబుతారు? 19 లోపు పోటీలకు పిల్లల పేర్లు క్రమంగా పంపుతున్నారా? ప్రాక్టికల్ పరీక్షల రోజున ఆట వుంటే ఏం చేస్తారు? జవాబులు ప్రిన్సిపాలుగారి నోటినుంచే వినండి, గుమాస్తా నోటినుంచి కాదు. గ్రూపు విషయం పాపను అడగండి. పట్నంలో కాలేజీ ఖర్చుకని అనుకున్న డబ్బులో సగం పోస్టాఫీసులో పాప పేర వెయ్యండి; మిగతా సగం బూట్లకు, శిబిరాలకు, లెక్కల ట్యూషనుకు సరిపోతుంది.

ఇంటర్ కాగానే ఇంట్లో అందరూ కూర్చుని మళ్ళీ ఒకసారి లెక్క చూసుకోండి. అప్పటికి రాష్ట్రజట్టు గడప తొక్కివుంటే, ఆట సాగడానికి ఎక్కడ వీలో అక్కడ డిగ్రీ. తొక్కకపోతే ఊళ్ళోని చిన్న కాలేజీలో చేరి విశ్వవిద్యాలయ జట్టుకు ప్రయత్నం. మూడో ఏటి చివర ఇంకోసారి లెక్క. ఆట పచ్చగా వుంటే నాలుగో ఏడు కూడా చదివి, ఆడి, కోటా ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టడం. వాడిపోతే డిగ్రీ పట్టుకుని నలుగురితోపాటు పరీక్షలు వ్రాయడం. ఏ మెట్టు దగ్గరా తిరిగిరాని నష్టం లేదు. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలంటారు. ఈ దారిలో నిలబడి నీళ్ళు తాగుతూనే పాలకోసం పరుగెత్తవచ్చు.

ఒక్క షరతు మాత్రం పాపకు మీరే చెప్పాలి, తండ్రి ఎదుట చెప్పాలి: ఏ ఏడు పరీక్ష తప్పినా, అది మళ్ళీ ప్యాసయ్యేదాకా బంతి అటక మీదికి ఎక్కుతుందని. పిల్లలు షరతులకు భయపడరు. తమను అడక్కుండా తమ బతుకు నిర్ణయించడానికే భయపడతారు. ఆ పిల్ల మౌనానికి కారణం అదే అయివుంటుంది. గార్డుగారు డ్యూటీ దిగి వచ్చిన రోజు, అన్నం తిన్నాక, ఈ పేజీ ఆయనకు ఇవ్వండి. చదివాక ఆయన ముందు మాట్లాడవలసింది మీతో కాదు, పాపతో.